వెనకాల నేనుంటా

(స్వర్ణోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)

 

నేను ఇంజనీరును. అయినా ఈరోజు డాక్టర్ల గురించి మాట్లాడతాను. మన బడిలో చదివి డాక్టర్లయినవాళ్లు, వాళ్లకు నేర్పుతున్నవాళ్లు కూడా ఈ సభలో ఉన్నారు కాబట్టి.

మనం చదువుకునే రోజుల్లో అనంతపురంలో మెడికల్ కాలేజీ లేదు. డాక్టరు కావాలంటే కర్నూలుకో తిరుపతికో పోవాలి. 2000లో ఇక్కడే కాలేజీ వచ్చింది. నాలుగున్నరేళ్ల చదువు, ఆపైన ఏడాది హౌస్ సర్జన్సీ. 2019 నుంచి ఎంబీబీఎస్‌లో వైఖరి, నైతికత, రోగితో మాట్లాడే తీరు కూడా పాఠాలయ్యాయి. మంచిదే. కానీ 'నేను డాక్టరును' అన్న నమ్మకం పక్కన నిలబడిన సీనియర్‌ను చూసి రావాల్సిందే.

మా అమ్మాయి హౌస్ సర్జన్‌గా ఉన్నప్పటి మాట. బీపీ పెరిగి మాటిమాటికీ చేరే ఒక రైతు. 'మాత్రలు సరిగా వేసుకోడు' అని కేసు షీటులో రాసిందట. రౌండ్స్‌కు వచ్చిన పెద్ద డాక్టరమ్మ అది చదివి ఏమీ అనలేదు. మంచం పక్కన స్టూలు లాక్కుని కూర్చుని, "పెద్దాయనా, ఈసారి శెనక్కాయ ఎట్లుంది?" అని అడిగారు. వాన లేదు. పెట్టుబడి పోయింది. కొత్తగా వేసిన బోరూ ఎండింది. ఉచితంగా ఇచ్చే మాత్రలకైనా పట్నం రావాలంటే బస్సు చార్జీ, ఒకరోజు కూలీ పోతాయి. అందుకే నెల మాత్రలను రెండు నెలలకు సర్దుకుంటున్నాడు.

ఆమె మా అమ్మాయిని చూపించి, "ఇకమీద నిన్ను ఈ డాక్టరమ్మే చూస్తుంది. ఏమున్నా ఆమెకే చెప్పు" అన్నారట. బయటికొచ్చాక, "నువ్వే చూసుకో. వెనకాల నేనుంటా" అన్నారట. ఆ రాత్రి ఫోనులో మా అమ్మాయి, "నాన్నా, ఈరోజు డాక్టర్ననిపించింది" అంది.

నాకు సిగ్గేసింది. చాలా ఏళ్ల క్రితం, తాగునీటి పైపులైను పనిలో నా కింద ఒక ట్రైనీ ఉండేవాడు. లెవల్ తప్పు తీశానని తనే వచ్చి చెప్పాడు. మేస్త్రీలందరి ముందూ తిట్టాను. ఆ తర్వాత అతను ఏ తప్పూ నాకు చెప్పలేదు. చివరి పల్లెకు నీళ్లెక్కనప్పుడు ఇంకో తప్పు బయటపడింది. అతనికి దాచడం నేర్పింది నేనే. పైపు కాబట్టి తవ్వి మళ్లీ వేశాం. రోగి విషయంలో అట్లా కుదరదు.

మన లెక్కల సారు గుర్తున్నారు కదా. బోర్డు మీద ఆయన లెక్క తప్పిందని ఒకడు లేచి చెబితే, సుద్దముక్క వాడి చేతికిచ్చి దిద్దమనేవారు. అది చూసి పెరిగినవాణ్ణే నేను. పనిలో పడి మరిచిపోయాను.

సీనియర్లకు నా విన్నపం ఒక్కటే. మీ దగ్గరి పిల్లలు తప్పు జరిగిందని వచ్చి చెబితే, ముందు రోగిని కాపాడండి. తర్వాత, "చెప్పి మంచిపని చేశావు" అనండి. దిద్దాల్సింది ఆపైన, నలుగురి ముందూ కాకుండా దిద్దండి.

సెలవు.