ఏడాది లెక్కలో మా పొలమూ ఉండాలి
(వ్యవసాయ కళాశాల వార్షిక సమావేశంలో రైతు సంఘం తరఫున చేసిన ప్రసంగం)



ఏడాది ప్రగతి నివేదిక విన్నాం. ఒప్పందాలు, చదువులు, నిర్వహణ అన్నీ చెప్పారు. సంతోషం. మా లెక్క కూడా వినండి.

1964లో పుట్టిన ఈ విశ్వవిద్యాలయానికి రైతు నాయకుడు రంగా గారి పేరుంది. మార్టేరు నుంచి స్వర్ణ, బాపట్ల నుంచి సాంబ మసూరి వచ్చాయి. ఇప్పటికీ అవి మా చేలల్లో ఉన్నాయి. గాదెలో దాచుకున్న వడ్లనే మళ్లీ నారు పోసుకున్నాం, పక్కవాడికీ ఇచ్చాం. 2001 నాటి చట్టం కూడా రైతుకు ఆ హక్కు ఇచ్చింది. అసలు భాగస్వామ్యం అది. రేపు కంపెనీలతో ఒప్పందం చేసుకుంటే ఆ హక్కు మిగులుతుందా? సంతకానికి ముందే షరతులన్నీ తెలుగులో మా ముందు పెట్టండి.

ఇక చదువు. చివరి ఏడాది పిల్లలు ఊళ్లకొచ్చి ఉండటం మంచి పద్ధతి. అయితే మోతుబరి అరుగు దగ్గరే ఆగిపోకూడదు. కౌలు రైతు గడపా తొక్కాలి. భూసార పరీక్ష కాగితం చేతిలో పెట్టి పోతే చాలదు, ఎకరాకు ఏ ఎరువు ఎంతో విడమరిచి చెప్పాలి.

నిర్వహణ సంగతికొస్తే, పోస్టులు ఖాళీగా ఉంటే పరిశోధన సాగదు. వాటి భర్తీకి మీతోపాటు మేమూ ప్రభుత్వాన్ని అడుగుతాం. మీరు మాత్రం నిర్ణయాలు చేసే చోట ఆడ రైతుకు, కౌలు రైతుకు కుర్చీ వేయండి.

వచ్చే ఏడు నివేదికలో ఎన్ని ఒప్పందాలయ్యాయో చెప్పండి. వాటివల్ల మా ఖర్చు ఎంత తగ్గిందో కూడా చెప్పండి. వినడానికి మేం మళ్లీ వస్తాం.