నడచువానికి దారి యేది?

(విజయనగరమున నొక పఠనమందిరమందు మేము చేసిన ప్రసంగము)



నేటి సాయంకాల మీ మందిరమునకు మీలో పెక్కుమంది నడచియే వచ్చియుందురు. ఏ దారిని వచ్చితిరని యడిగినచో ఎవరి దారి వారిదే. ఒకరు గంటస్తంభము మీదుగా వచ్చితిమందురు. వేరొకరు ఆ రద్దీకి జంకి సందులు పట్టితిమందురు. ఇంకొకరు, ఫలానిచోట మురుగుకాలువపై పలక విరిగినది గనుక చుట్టు తిరిగి వచ్చితిమందురు. ఈ జ్ఞానమంతయు మీ పాదములయందున్నది గాని యే పటమునందును లేదు. నేడు మేము చెప్పదలచినది దీనిని గూర్చియే.

ఈ యూరు నడచువారికొరకు పుట్టినది. 1713లో విజయదశమినాడు కోటకు పునాది వేసిననాడు మోటారు లేదు, రైలు లేదు. అంబటి సత్రము కూడలి యనుచున్నాము గదా, ఆ పేరులోని సత్రము బాటసారి కొరకు గాక యెవరి కొరకు? 1885లో గంటస్తంభము లేచినప్పుడు అది కాలముతోపాటు దిక్కును గూడ చెప్పినది. 2020 మే నెలలో మూడు లాంతర్ల స్తంభమును పడగొట్టినపుడు ఊరివారికి కలిగిన కోపమును కొందరు పాతరాతిపై మమకారమనిరి. మే మట్లు తలపము. క్రొత్తవానికి దారి చెప్పునప్పుడు ఊరంతయు వ్రేలు చూపు గుర్తది.

ఇప్పుడు ప్రతివాని చేతిలోను ఫోను, ఫోనులో పటము కలవు గదా, ఇంక లోపమేమని మీరడుగవచ్చును. ఆ పటమును మేమును వాడుచున్నాము. కాని మన చిన్నపట్టణములలో నడకదారి యడిగిన తరచుగా అది బండ్ల రోడ్డునే చూపి, దూరమును నడకవేగముచే భాగించి, ఇన్ని నిమిషములని చెప్పి యూరకుండును. ఎండ దానికి తెలియదు. రాత్రి వెలుగని దీపము తెలియదు. గడచిన వానకాలమున మేము మా పెద్దమ్మగారిని వెంటబెట్టుకొని యొకయూర వైద్యశాలకు బోయితిమి. పండ్రెండు నిమిషములని ఫోను చెప్పినది. అది చూపిన సందులో మోకాటిలోతు నీరు. వెనుకకు మరలి పెద్దరోడ్డు పట్టితిమి. అచట కాలిబాట పొడవునను మోటారుసైకిళ్ళు. డెబ్బదియేండ్ల మనిషి లారీల నడుమ రోడ్డుపై నడువవలసివచ్చెను. చేరుసరికి నలువది నిమిషములు. చీటీలిచ్చు వేళ మించినది. ఆమె మమ్మేమియు ననలేదు. తిరుగుదారిని మాత్రము ఆటో పిలువుమనెను. ఊరిలో నడచుట యొక ప్రాణి యిట్లు మానుకొనును.

ఇది సౌకర్యమునకు సంబంధించిన మాట మాత్రమే కాదు. కేంద్రప్రభుత్వపు లెక్కలనుబట్టి 2022లో దేశమున రోడ్డు ప్రమాదములలో 1,68,491 మంది మరణించిరి. వారిలో 32,825 మంది నడచిపోవువారు. అయిదుగురిలో నించుమించుగా నొకరు! కాలిబాట యెట్లుండవలెనో భారత రోడ్డు కాంగ్రెసువారు 2012లోనే వ్రాసిరి: అడ్డులేని వెడల్పు 1.8 మీటర్లకు తగ్గరాదు, గట్టు 150 మిల్లీమీటర్లకు మించరాదు. 2025 మే 14న సుప్రీము కోర్టువారు కాలిబాటపై నడచు హక్కు రాజ్యాంగపు 21వ అధికరణమున నిమిడియున్నదనిరి. శాసనమునకు కొరత లేదు.

మనకు చేతగాక కాదు. సిరిమాను నాడు అమ్మవారి చదురుగుడి మొదలు కోట వరకు దారి యెవరిది? నడచువానిది. సింహాచల గిరిప్రదక్షిణమున ఆషాఢ శుద్ధ చతుర్దశినాడు 32 కిలోమీటర్ల చుట్టు లక్షలజనము నడచును; బండ్లు మరలును, నీటిపందిళ్ళు లేచును, దీపములు వెలుగును. ఏ మలుపున నెవరికేమి కావలెనో అధికారులకు ముందుగనే తెలిసియుండును. తెల్లవారగనే ఆ తెలివి యెటుపోవునో మాకు తెలియదు.

లండను నగరమున 2007లో మొదలిడిన యొక పద్ధతి చూడదగినది. వీధిస్తంభములపైని పటములలో ఉత్తరము పైనుండదు. చూచువాడెటు మొగమై నిలిచెనో ఆ దిక్కే పైనుండును. అయిదు నిమిషములలో నడచిపోగల మేర యొక వలయముగా గీయబడియుండును. శ్రీకాకుళమున ఏడురోడ్ల కూడలిలో అట్టి పటమొకటి నిలిచిన అరసవల్లికి పోవు యాత్రికు డేడుగురి నడుగ నక్కరయుండదు. (రైలు దిగిన యాత్రికునికి కష్టము ముందే మొదలగును, శ్రీకాకుళము రోడ్డను స్టేషను శ్రీకాకుళమున గాక ఆమదాలవలసలో నున్నది.) అట్టి పలకలపై జనుల నోట నున్న పేర్లే వ్రాయవలెను. డే అండ్ నైట్ కూడలిని డే అండ్ నైట్ కూడలి యనియే వ్రాయుడు. 1863లో పర్వతాలపేటలో పుట్టి వాడుకభాషకై పోరాడిన గిడుగువారి సీమయిది. గ్రంథభాషలో ప్రసంగించుచున్న మేమే యీ మాట యనుట వింతయే, ఒప్పుకొందుము.

మరి పటమెవరు గీయవలెను? కార్యాలయమున కూర్చున్నవారు గీయలేరు. 2004లో పుట్టిన ఓపెన్‌స్ట్రీట్‌మ్యాప్ అను లోకపటము కలదు. దానియం దెవరైనను తమ వీధిని గుర్తింపవచ్చును. కాలిబాట యెచట తెగినదో, మెట్లెచటనో, దీపమెచటనో అందు చేర్చవచ్చును. అదే వివరమును కాగితముపై నగరపాలక సంస్థకు నీయవచ్చును. కాలిబాటపై కూర్చుండు కూరలమ్మను తొలగింపుమని మాత్రము వ్రాయకుడు. 2014 నాటి వీధివర్తకుల చట్టము ఆమెకును చోటు చూపుమన్నది. పైగా దారితప్పినవాడు మొదట నడుగున దామెనే. ఆమె బుట్ట ప్రక్కన నడచిపోవుటకు చోటున్నదా లేదా, అది కొలిచిన చాలును.

ఊరంతయు నొక్కసారి చేయబూనిన నేదియు జరుగదు. ఒక్క దారి చాలును: స్టేషను నెదుటి వనంగుడి నుండి కోట వరకు. వచ్చు ఆదివార ముదయము ఆరుగంటలకు వనంగుడి యొద్ద మేము నిలిచియుందుము. కొలతనాడా, కాగితములు మేము తెచ్చెదము. ముసలివారిని, బడిపిల్లలను వెంటబెట్టుకొని రండు, వారి నడకతోడనే కొలువవలెను. వాన సూచన యున్నది, గొడుగు మరువకుడు.