ప్రొస్టేట్ క్యాన్సర్‌కి వైరస్ కారణమా?

(సంఘం వార్షికోత్సవ సభలో చేసిన ప్రసంగ పాఠం)



ముందే చెబుతున్నాను, నేను డాక్టరును కాను. ఆర్మీ మెడికల్ కోర్‌లో లాబ్ అసిస్టెంటుగా 28 ఏళ్ళు పనిచేసి సుబేదారుగా రిటైరైన వాణ్ణి. పండుగలాంటి సభలో క్యాన్సర్ మాటేమిటి అనుకోకండి. ఈ హాల్లో సగం మందిమి అరవై దాటినవాళ్ళమే కదా!

కిందటేడు ద్వారకాలో ఉండే మన మిత్రుడొకాయన నన్ను పార్కులో పక్కకి పిలిచి, “అన్నా, మూత్రంలో రక్తం పడుతోంది. నాలుగు నెలలైంది” అన్నాడు. డాక్టరుకి ఎందుకు చూపించుకోలేదంటే తల వంచుకున్నాడు. “ఈ క్యాన్సర్ వైరస్ వల్ల అంటుకుంటుందట. జవానుగా ఎక్కడెక్కడో తిరిగినవాణ్ణి. ఏదో చెడ్డ రోగం తెచ్చుకున్నానని మీ చెల్లెలు అనుకుంటే?” అన్నాడు. ఆ ఒక్క భయంతో మనిషి నాలుగు నెలలు నోరు విప్పలేదు. అందుకే ఈ విషయం ఎంచుకున్నాను.

వైరస్ వల్ల క్యాన్సర్ రావడం కట్టుకథేం కాదు. గర్భాశయ ముఖద్వార క్యాన్సర్‌కి హెచ్‌పీవీ కారణమని కనిపెట్టిన జర్మన్ శాస్త్రజ్ఞుడు హరాల్డ్ సుర్ హౌజెన్‌కి 2008లో నోబెల్ బహుమతి వచ్చింది. హెపటైటిస్ బి వల్ల కాలేయ క్యాన్సర్ రావచ్చు. మరి ప్రొస్టేట్‌కి కూడా ఏదైనా వైరస్ కారణమేమో అని వెతకడం న్యాయమే. వెతికారు కూడా.

2006లో అమెరికాలోని క్లీవ్‌లాండ్ క్లినిక్, శాన్‌ఫ్రాన్సిస్కోలోని కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం శాస్త్రజ్ఞులు కొందరు రోగుల ప్రొస్టేట్ ముక్కల్లో ఎక్స్‌ఎంఆర్‌వీ అనే కొత్త వైరస్ దొరికిందన్నారు. 2009లో యూటా విశ్వవిద్యాలయం వాళ్ళు, పరీక్షించిన క్యాన్సర్లలో సుమారు నాలుగో వంతులో అది ఉందన్నారు. పెద్ద సంచలనమే అయింది. కానీ ఇతర చోట్ల వెతికితే చాలామందికి దొరకలేదు. 2011లో గుట్టు తేలింది. 1990లలో ఒక రోగి క్యాన్సర్ కణాలను లాబ్‌లో ఎలుకల్లో పెంచారు. అప్పుడు ఎలుకల్లోని రెండు వైరస్ ముక్కలు కలిసి ఈ కొత్త వైరస్ పుట్టింది. అదే లాబ్‌లలో పాకి శాంపిళ్ళలో కలిసింది. మనిషి రోగం కాదది, లాబ్ కల్తీ. కనిపెట్టిన శాస్త్రజ్ఞులే మళ్ళీ పరీక్షించి ఒప్పుకున్నారు. 2012లో ఆ మొదటి వ్యాసాన్ని పత్రిక వెనక్కి తీసుకుంది.

నాకిది వింతగా అనిపించలేదు. నేను పనిచేసిన ఒక ఆసుపత్రి లాబ్‌లో ఓసారి ఒకే వారంలో ముగ్గురు పేషంట్ల కల్చర్‌లో ఒకే క్రిమి పెరిగింది. వార్డంతా హడావిడి. తీరా చూస్తే క్రిమి ఉన్నది మేం వాడిన సెలైన్ సీసాలో! ఆ సీసా తెరిచింది నేనే. ఆ రోజు పడ్డ చీవాట్లు ఇంకా గుర్తున్నాయి.

ఇక మన పక్కనే నోయిడాలో ఉన్న ఐసీఎంఆర్ క్యాన్సర్ సంస్థ వాళ్ళు చండీగఢ్ పీజీఐ వాళ్ళతో కలిసి 2015లో ఒక పరిశోధన ప్రచురించారు. 95 మంది ప్రొస్టేట్ క్యాన్సర్ రోగుల్లో 41 శాతం మందిలో హెచ్‌పీవీ కనిపించింది. క్యాన్సర్ లేకుండా గ్రంథి మాత్రం పెరిగిన 55 మందిలో 20 శాతం మందిలో కనిపించింది. తేడా ఉంది, కాదనను. కానీ సగానికి పైగా రోగుల్లో వైరస్ లేదు. క్యాన్సర్ లేనివాళ్ళలో అయిదుగురిలో ఒకరికి ఉంది. దొంగతనం జరిగిన వీధిలో కనిపించిన వాడల్లా దొంగ కాడు కదా! కారణం అనడానికి ఇంకా చాలా రుజువులు కావాలి. దీర్ఘకాలం ఉండే వాపు వల్ల క్యాన్సర్‌కి దారి పడుతుందేమోనని కూడా పరిశోధనలు సాగుతున్నాయి. ఇప్పటివరకు ఏ వైరస్సూ ప్రొస్టేట్ క్యాన్సర్‌కి కారణమని రుజువు కాలేదు.

రుజువైనవి వేరే ఉన్నాయి. ఒకటి వయసు. రెండోది వంశం: తండ్రికో అన్నదమ్ములకో వచ్చి ఉంటే మనకి ప్రమాదం ఎక్కువ. ఈ క్యాన్సర్ ఒకరి నుంచి ఒకరికి అంటుకోదు. భార్యకి రాదు, పిల్లలకి తాకితే రాదు. ఇందులో సిగ్గుపడాల్సిందేమీ లేదు.

రాత్రిళ్ళు పదేపదే లేవడం, ధార సన్నబడటం, రక్తం పడటం ఉంటే ఈసీహెచ్‌ఎస్ పాలీక్లినిక్‌కి వెళ్ళండి. అన్నీ క్యాన్సర్ కావు, మామూలుగా గ్రంథి పెరిగినా ఇవే లక్షణాలు. మొదటి దశలో అసలు లక్షణాలే ఉండకపోవచ్చు. కాబట్టి యాభై దాటినవాళ్ళు పీఎస్‌ఏ రక్తపరీక్ష సంగతి డాక్టరుని అడగండి. వంశంలో ఉంటే ఇంకా ముందే అడగండి. పీఎస్‌ఏ పెరిగినంత మాత్రాన క్యాన్సర్ అని బెంబేలు పడొద్దు. ఇన్‌ఫెక్షన్ ఉన్నా పెరుగుతుంది.

మన మిత్రుడికి బయాప్సీలో క్యాన్సరే తేలింది. వైద్యం జరుగుతోంది, మనిషి తిరుగుతున్నాడు. ఆయన భార్య నాతో అన్నది ఒకే మాట: “అన్నయ్యా, ఆ నాలుగు నెలలూ నాకెందుకు చెప్పలేదాయన?”

సర్వీసులో సిక్ రిపోర్ట్ చేయడం నామోషీ అనుకునేవాళ్ళం. ఆ అలవాటు యూనిఫారంతో పాటే పెట్టెలో పెట్టేద్దాం. ఇంటికెళ్ళి ఈ మాట ఇంట్లో చెప్పండి.

సెలవు. జై హింద్.