ఆజ్ఞకు రెండు సాక్ష్యములు

యూనిక్సు షెల్ స్క్రిప్టులో మనమిచ్చిన ప్రతి ఆజ్ఞయు రెండు విధముల బదులు చెప్పును. తెరపై వ్రాసి చూపునది ఔట్‌పుట్. పని ముగించి పోవుచు మౌనముగా విడిచిపోవు అంకె ఎగ్జిట్ స్టేటస్. సున్న యన్న ‘అవును’. తక్కిన అంకెలన్నియు ‘కాదు’. అవుననుటకు ఒక్క అంకె చాలును. కాదనుటకు కారణములు పెక్కులు గదా!

స్క్రిప్టులోని ‘ఇఫ్’ చూచునది ఈ అంకెనే. ఫైలులో ‘ఎర్రర్’ అను మాటను వెదకు గ్రెప్ ఆజ్ఞనే తీసికొందము. మాట దొరకిన 0, దొరకకున్న 1, ఫైలే తెరువలేకున్న 2 ఇచ్చును. ఔట్‌పుట్ మాత్రమే పట్టి చూచు స్క్రిప్టుకు చివరి రెండును ఒకే శూన్యము. చదువని ఫైలునకు సైతము ‘దోషము లేదు’ అని తీర్పు చెప్పును.

అంకెను నమ్ముటలోను మెలకువ కావలెను. డేటాబేసు నకలు తీయు ఆజ్ఞను పైపు ద్వారా జీజిప్‌నకు కలిపినప్పుడు, మిగులునది చివరిదైన జీజిప్ అంకె. నకలు సగములో ఆగినను సున్నయే వచ్చును. దానిని చూచి పాత నకలును చెరిపివేసినచో, ఆపదనాడు చేత మిగులునదేమి? బాష్‌లో ‘సెట్ మైనస్ ఓ పైప్‌ఫెయిల్’ అని ముందుగా వ్రాసినచో గొలుసులో ఏ ఆజ్ఞ తప్పినను బయటపడును.

ఏమి పలికినదో తెలియుటకు ఔట్‌పుట్, పని నెరవేరినదో లేదో తెలియుటకు ఎగ్జిట్ స్టేటస్. ప్రశ్నను బట్టి సాక్షిని పిలువవలెను.