బొమ్మలాటకు విడిది ఇచ్చిన ఊళ్ళు



విడిది అనగానే మనకు పెళ్ళే గుర్తొస్తుంది. మగపెళ్ళివారికి విడిది ఎక్కడ, నీళ్ళ వసతి ఉందా, పొద్దున్నే కాఫీలు ఎవరు అందిస్తారు అని హైరానా పడతాం. ఇప్పుడు చాలా దేశాల్లో కళాకారులకు కూడా విడిది ఏర్పాటు చేస్తున్నారు. ఒక చిత్రకారుణ్ణో గాయనినో పల్లెకు పిలిచి, కొన్ని వారాలపాటు ఉండటానికి చోటూ, తిండీ చూపిస్తారు. వారు అక్కడి చెట్టూ పుట్టా చూస్తూ, ఊరి పిల్లలతో, వృద్ధులతో, ఆరోగ్యం సరిగాలేని వారితో కలిసి పని చేస్తారు. కళ, ప్రకృతి, సాటి మనిషి బాగోగులు ఒక్కచోట కలవాలని దీని ఉద్దేశం. వినడానికి కొత్తగానే ఉంటుంది. కాని మన అనంతపురం పల్లెలు ఈ పని ఏనాటినుంచో చేస్తూ వచ్చాయి.

అనంతపురం సంగతి మీకు తెలియనిది కాదు. పడమటి కనుమలు అడ్డం రావడంవల్ల నైరుతి వానలు అక్కడికి చేరేసరికి సన్నగిల్లిపోతాయి. తూర్పు సముద్రం దూరం గనుక ఈశాన్యపు వానలూ అంతంతమాత్రమే. ఏడాది మొత్తంమీద సగటున 550 మిల్లీమీటర్లు పడితే గొప్ప. అదీ వేరుశెనగ పూతకొచ్చిన రోజుల్లో పడకపోతే రైతు ఇంట్లో పొయ్యి వెలగడమే కష్టం.

అలా వాన మొహం చాటేసిన ఏడు ఊరి పెద్దలు బొమ్మలాట వాళ్ళకు కబురు పెట్టేవారు. విరాటపర్వం ఆడిస్తే వాన కురుస్తుందని నమ్మకం. కుటుంబాలకు కుటుంబాలే బొమ్మల పెట్టెలతో తరలివచ్చేవి. ఆడినన్నాళ్ళూ వాళ్ళ తిండీ బసా ఊరివే. వెళ్ళేటప్పుడు ధాన్యమో, డబ్బో ఇచ్చి పంపేవారు.

వాన పడిందా లేదా అన్నది అటుంచండి. కరువులో మనిషిని కుంగదీసేది ఒక్క ఆకలే కాదు, ఒంటరితనం కూడా. ఎవరి గుమ్మంలో వాళ్ళు కూర్చుని ఆకాశంకేసి చూసే రోజుల్లో ఊరంతా ఒక తెరముందు చేరి తెల్లవార్లూ నవ్వడం, ఏడవడం చిన్న విషయమా? పాండవులంతటివారు కూడా వేషాలు మార్చుకుని ఒకరి కొలువులో ఏడాది గడిపారు గదా, మన కష్టం మాత్రం గట్టెక్కదా అన్న ధైర్యం ఆ కథలోనే ఉంది. ఇక బంగారక్క, జుట్టుపోలిగాడు తెరమీదికి వస్తే పొట్ట చెక్కలయ్యేది.

ఈ ఆటలో ఆడవాళ్ళ పాలు తక్కువేమీ కాదు. ద్రౌపది, సీత పాత్రలకు గొంతు ఇచ్చేది ఆ ఇంటి ఆడవాళ్ళే. పిల్లల్నీ వంటనీ చూసుకుంటూనే రాత్రంతా పద్యాలూ పాటలూ పాడేవారు. హార్మోనియం, మద్దెల, తాళాలు సరే, యుద్ధం వచ్చినప్పుడు కాళ్ళకింద చెక్కలు టకటకలాడించడం కూడా సంగీతంలో భాగమే.

బొమ్మ తయారీ కూడా ఓపికతో కూడిన పని. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, బిగలాగి ఆరబెడితే వెలుతురు ప్రసరించేంత పల్చన అవుతుంది. దానిమీద బొమ్మ గీసి, ఉలులతో చిన్న చిన్న రంధ్రాలు కొట్టి, రంగులు అద్దుతారు. దీపం వెనక పెట్టినప్పుడు ఆ రంధ్రాలే నగలై మెరుస్తాయి. చేతులూ తలా విడివిడిగా కత్తిరించి దారంతో కుడితే బొమ్మ ఆడుతుంది. మనిషెత్తు బొమ్మలూ ఉంటాయి.

సినిమాలు, టీవీలు వచ్చాక ఊళ్ళు పిలవడం మానేశాయి. ధర్మవరం దగ్గరి నిమ్మలకుంటలో మాత్రం ఈ విద్య నిలిచింది. ఈ ఊరు 2022లో జిల్లాల విభజన తరవాత శ్రీ సత్యసాయి జిల్లాలోకి వచ్చింది. పూర్వం మహారాష్ట్రనుంచి వలస వచ్చిన కుటుంబాలు గనుక వాళ్ళు ఇంట్లో మరాఠీ మాట్లాడతారు, తెరవెనక పాడేది తెలుగు. ఆ ఊరి దళవాయి చలపతిరావుగారికి 2020లో పద్మశ్రీ ప్రకటించారు. ఆటకు పిలుపులు తగ్గాక ఆ చేతులే దీపాల గొడుగులు, గోడకు తగిలించే బొమ్మలు చేయసాగాయి. మన బైఠక్‌ఖానాల్లో వెలిగేవి అవే.

కళను దీపం గొడుగు చేసేశారే అని నొచ్చుకునేవారున్నారు. నేను నొచ్చుకోను. కడుపు నిండితేనే గదా ఉలి ఆడేది. కాని ఒక్క మాట. దీపం గొడుగు ఉలి పనిని కాపాడుతుంది, పాటను కాపాడలేదు. ఆ పద్యం, ఆ హాస్యం, తెరమీద బొమ్మను నడిపించే మణికట్టు నేర్పు ఆడితేనే బతుకుతాయి. అది పిల్లలకు అబ్బాలంటే ఎవరో ఒకరు పిలిచి ఆడించాలి. అసలు నష్టం అక్కడ జరుగుతోంది.

ఆ గడ్డమీదే ఇంకో రకం శ్రద్ధా కనిపిస్తుంది. చెన్నేకొత్తపల్లి దగ్గర 1990లో టింబక్టు కలెక్టివ్ వారు 32 ఎకరాల బీడు కొని, నరకకుండా, నిప్పు పడకుండా కాపాడుతూ పచ్చగా చేశారు. తరవాత చుట్టుపక్కల పల్లెలవారు కలిసి కల్పవల్లి పేరుతో వేల ఎకరాల గుట్టలను అలాగే కాపాడుకున్నారు. గడ్డి పశువులకు, ఈతాకు బుట్టలకు పనికొచ్చింది. 1969లో అనంతపురం వచ్చిన విన్సెంట్ ఫెర్రర్‌గారి గ్రామీణాభివృద్ధి సంస్థ వికలాంగ మహిళలకోసం హస్తకళల కేంద్రాలు పెట్టింది. ఇంట్లో బరువనిపించుకున్న ఆడపిల్ల నలుగురిలో ఉండి, తన చేత్తో ఒక వస్తువు చేసి, నెలకింత సంపాదించిందంటే ఆమె మాటకు ఇంట్లో విలువ వస్తుంది. అది మందులతో వచ్చే బలం కాదు.

మరి మనమేం చేయగలం? పట్నంలో ఉన్న మనం ఊరు పెద్దలం కాకపోవచ్చు. కాని ప్రతి అపార్ట్‌మెంటుకూ ఒక సంఘం, వినాయకచవితికి ఒక చందా ఉన్నాయి. ఆ చందాలో కొంత తీసి ఒక బొమ్మలాట బృందాన్ని రెండు రోజులు పిలవండి. ప్రయాణపు ఖర్చు, పారితోషికం ముందే మాట్లాడుకోండి. బస ఇచ్చి, భోజనం మన ఇళ్ళనుంచి వంతులవారీగా పెట్టండి. పగటిపూట పిల్లలచేత దళసరి అట్టమీద బొమ్మ కత్తిరించి రంగులు వేయించండి. కథ తెలిసిన బామ్మలను, గది దాటి రాని తాతగార్లను ముందు వరసలో కూర్చోబెట్టండి. వారే పిల్లలకు కథ విడమరిచి చెబుతారు.

తోలు బొమ్మ కొనేటప్పుడు గీచి గీచి బేరమాడకండి, ఆ రంధ్రాలు ఎన్ని వందలో ఒకసారి లెక్కపెట్టి చూడండి. తడిబట్టతో తుడవవద్దు, పొడిబట్ట చాలు. చెమ్మ తగలనీయకండి, వేడి పుట్టించే పెద్ద బల్బు పెట్టకండి.

కరువు ఊళ్ళు తమకే గింజలు లేని రోజుల్లో కళాకారులకు విడిది ఇచ్చాయి. డబ్బాల్లో బియ్యం నిండుగా ఉన్న మనం ఆ రెండు రోజులు ఇవ్వలేమా? ఈసారి సంఘం సమావేశంలో ఈ మాట ఎత్తి చూడండి. సెలవు.