ఉన్నత విద్యకు ఉపకార వేతనములు – మన యౌవనస్థులు, మన సంఘములు

(శతాబ్ది ఉత్సవముల యువజన కూటమిలో చేసిన ప్రసంగ పాఠము)



మాకు ఇచ్చిన అంశము ఫెలోషిప్పులు. మన సంఘాలలో ఆ మాట వినగానే శుక్రవారం సాయంకాలపు ప్రార్థన, దాని వెనుక వచ్చే టీ, బిస్కట్లు జ్ఞాపకం వస్తాయి. విశ్వవిద్యాలయాలలో ఆ మాటకు అర్థం వేరు. పై చదువు చదివేవారికి, పరిశోధన చేసేవారికి నెలనెలా ఇచ్చే భృతిని అక్కడ ఫెలోషిప్ అంటారు. ఈ రెండవ సహవాసమును గూర్చియే ఈ పూట మాట్లాడదలచినాము.

మన తాతల కాలంలో ఉపకార వేతనమంటే బోర్డింగే. మిషను ఆవరణలో రెండు పూటల గటక, ఒక పలక, పండుకొనుటకు చాప. దానితోనే మన ప్రాంతంలో మొదటి తరం ఉపాధ్యాయులు, నర్సులు, బోధకులు తయారైనారు. ఇప్పుడు 2007లో నల్లగొండలో వచ్చిన విశ్వవిద్యాలయం, మహాత్మాగాంధీ పేరుతో ఉన్నది. 2008లో మహబూబ్‌నగర్‌లో పాలమూరు విశ్వవిద్యాలయం వచ్చినది. డిగ్రీ చేతికి వచ్చిన పిల్లలు ప్రతి ఊరిలోను ఉన్నారు. ఆ డిగ్రీ తరువాత ఏమి అన్నచోటనే ఇంటిల్లిపాది ఆగిపోతున్నారు. కొందరు ఎకరం అమ్ముతున్నారు. అమ్ముటకు ఎకరం లేనివారు కొడుకును పట్నం పంపి ఏదో ఒక గోదాములో పనికి కుదుర్చుతున్నారు.

డబ్బు లేక చదువు ఆగుట క్రొత్త సంగతి కాదు. మహబూబ్‌నగర్ అన్న పేరు 1890లో ఆరవ నిజాము మహబూబ్ అలీ ఖాన్ పేరిట వచ్చినది. ఆ నిజామే 1895లో సరోజినీ దేవికి వేతనమిచ్చి ఇంగ్లండుకు పంపినాడు. ఆమె వ్రాసిన నాటకం ఆయన కంటపడుట వలన ఆ సహాయం దొరికినది. 1913లో బరోడా మహారాజు శాయాజీరావు అంబేద్కరును కొలంబియా విశ్వవిద్యాలయానికి పంపినాడు. నెలకు పదకొండున్నర పౌండ్లు, మూడు సంవత్సరములు. తిరిగి వచ్చి పదేండ్లు సంస్థానంలో పని చేయవలెనని ఒప్పందం. లండనులో చదువు సగంలో ఉండగా ఆ గడువు తీరినది, 1917లో ఆయన తిరిగి రావలసి వచ్చినది. తరువాత బొంబాయిలో ఉద్యోగం చేసి కూడబెట్టిన సొమ్ము, కొల్హాపూర్ శాహూ మహారాజు సహాయం, ఒక మిత్రుని వద్ద తెచ్చిన అప్పు కలిపి 1920లో మరల లండను వెళ్ళి చదువు ముగించినాడు. మన భీమవరంలో పుట్టిన యల్లాప్రగడ సుబ్బారావు అమెరికా ప్రయాణానికి మామగారు, కాకినాడలోని మల్లాడి సత్యలింగం నాయకర్ ధర్మసంస్థ తోడ్పడినారు. అంతటివారికి కూడా ఒక్కచోటి డబ్బు సరిపోలేదు, గమనించండి.

ఆనాడు రాజుగారి కంటపడితే దొరికేది. ఈనాడు ప్రకటన మన కంటపడితే దొరుకుతుంది. ఇది మేలైన మార్పే. అయితే ప్రకటనకు తేదీ ఉంటుంది, కాగితాలుంటాయి. మా అనుభవంలో మార్కులు చాలక పోగొట్టుకొన్నవారి కంటె కాగితం చాలక, తేదీ దాటిపోయి, ముందుగా పెట్టవలసిన చిన్న సొమ్ము లేక పోగొట్టుకొన్నవారే ఎక్కువ.

ఆ చిన్న సొమ్ము సంగతి కొంచెం వివరముగా చెప్పనివ్వండి. తెలంగాణ ప్రభుత్వం విదేశాలలో పి.జి. చదివే షెడ్యూల్డు కులాల, తెగల పిల్లలకు అంబేద్కర్ ఓవర్సీస్ విద్యానిధి క్రింద 20 లక్షల రూపాయల వరకు ఇస్తున్నది. క్రైస్తవులతో సహా మైనారిటీలకు 2015లో ఇట్టి పథకమే ప్రారంభమైనది. మొదట 10 లక్షలు, తరువాత 20 లక్షలు చేసినారు. కుటుంబ ఆదాయం సంవత్సరానికి 5 లక్షల లోపు, వయస్సు 35 లోపు ఉండవలెను. వినుటకు ఎంతో బాగున్నది. కాని మొదటి విడత ఎప్పుడు వస్తుంది? విద్యార్థి ఆ దేశంలో దిగి, దిగినట్లు ఆధారం పంపిన తరువాత. రెండవ విడత మొదటి సెమిస్టరు ఫలితం చూపిన తరువాత. అనగా పాస్‌పోర్టుకు 1,500, ఐ.ఇ.ఎల్.టి.ఎస్. పరీక్షకు 18,000 దరిదాపు, ఒక్కొక్క విశ్వవిద్యాలయానికి దరఖాస్తు రుసుము, వీసా రుసుము, ట్రాన్స్‌క్రిప్టులు, విమానం టిక్కెట్టు, చాలాచోట్ల మొదటి ఫీజు కూడా – ఇవన్నియు ఆ 20 లక్షలలో ఒక్క రూపాయి చూడకముందే పెట్టుకోవలెను. ఏరు దాటించే పడవ ఆవలి ఒడ్డున ఉన్నట్లున్నది. ఉపాధి హామీ కూలీ చేసే తల్లి ఆ మొదటి 50,000 ఎక్కడ తెస్తుంది? మూడు రూపాయల వడ్డీకి తెస్తుంది.

ఇక కాగితాలు. 2016 అక్టోబరు 11న మన జిల్లాలు ముక్కలైనవి. పాత మహబూబ్‌నగర్‌లో నాగర్‌కర్నూలు, వనపర్తి, గద్వాల, తరువాత 2019లో నారాయణపేట. పాత నల్లగొండలో సూర్యాపేట, యాదాద్రి భువనగిరి. పిల్లవాని పదవ తరగతి మెమోలో ఒక జిల్లా, ఆదాయ పత్రంలో ఒక జిల్లా. అది చాలదన్నట్లు మన పేర్లు. తండ్రి పాఠశాల రికార్డులో బాలయ్య, సంఘపు రిజిస్టరులో బర్నబా, ఆధార్‌లో బి. బాలయ్య. పిల్ల మెమోలో ఇంటిపేరుకు ఒక్క అక్షరం, పాస్‌పోర్టులో పూర్తి ఇంటిపేరు. దేవునికి ముగ్గురూ ఒకరేనని తెలియును, వీసా అధికారికి తెలియదు. డిగ్రీ రెండవ సంవత్సరంలోనే ఈ పేర్లన్నియు వరుసపెట్టి చూచుకొని, తేడా ఉన్నచోట సరిచేయించుకొండి. ఎంపికైన తరువాత పరుగెత్తితే మీ-సేవా కేంద్రంలో వరుస తరుగదు.

కులపత్రం గూర్చి కూడా దాచకుండా మాట్లాడవలెను. 1950 నాటి రాష్ట్రపతి ఉత్తర్వు షెడ్యూల్డు కులముల హోదాను హిందువులకే పరిమితం చేసినది. 1956లో సిక్కులను, 1990లో బౌద్ధులను చేర్చినారు, క్రైస్తవులను చేర్చలేదు. కనుక మన కుటుంబాలలో అనేకులు చట్టం దృష్టిలో బి.సి.-సి క్రిందికి వస్తారు. కేంద్ర ప్రభుత్వపు నేషనల్ ఓవర్సీస్ స్కాలర్‌షిప్ 1954-55 నుండి ఉన్నది. ఏటా 125 స్థానాలు. అందులో 115 షెడ్యూల్డు కులాలకు. ఆ ద్వారం మనకు మూసియున్నది. కాని అందులోనే భూమిలేని వ్యవసాయ కూలీలకు, సంప్రదాయ చేతివృత్తులవారికి కలిపి 4 స్థానాలున్నవని మనలో ఎందరికి తెలియును? నాలుగే గదా అనవద్దు. అడిగేవారు తక్కువైనచోట నాలుగు కూడా ఎక్కువే.

ఒక చేత బాప్తిస్మ పత్రం, ఇంకొక చేత హిందూ అని వ్రాయించిన కులపత్రం పట్టుకొని నడుస్తున్న ఇండ్లు ఉన్నవి. వారిని నిందించుటకు మేము రాలేదు. ఆ చట్టం న్యాయమా కాదా అన్నది వేరే వేదికపై గట్టిగా అడుగవలసిన ప్రశ్న. కాని 2024 నవంబరులో సుప్రీంకోర్టు ఇట్టి విషయంలోనే కఠినంగా తీర్పు చెప్పినది. పరాయి దేశంలో రెండవ సెమిస్టరులో ఉండగా ఇక్కడ పత్రం రద్దయితే ఆ పిల్ల గతి ఏమి? ఏ పత్రం నిలుస్తుందో ఆ పత్రంతోనే పోవుట మంచిదని మా అభిప్రాయం.

అందరి చూపు విదేశాల మీదనే ఉన్నది గాని ఇంటి దగ్గర ఉన్నదానిని విడువవద్దు. యు.జి.సి. నెట్ పరీక్షలో జె.ఆర్.ఎఫ్. వచ్చినవారికి 2023 జనవరి 1 నుండి నెలకు 37,000 రూపాయలు, రెండు సంవత్సరముల తరువాత 42,000. ఏటా రెండుసార్లు పరీక్ష. తెలుగు కూడా అందులో ఒక సబ్జెక్టు! ఎం.ఏ. తెలుగు చదివితే ఏమొస్తుందని వెక్కిరించే పెదనాన్నలకు ఈ అంకె చెప్పండి. ఎం.ఏ. చివరి సంవత్సరంలో ఉండగనే వ్రాయవచ్చును. ఇంజనీరింగు వారికి గేట్ ద్వారా ఎం.టెక్.లో నెలకు 12,400. ఓ.బి.సి. కోటా కోరేవారు కేంద్రానికి చెల్లే నమూనాలో నాన్-క్రీమీలేయర్ పత్రం వేరుగా తీసుకోవలెను. రాష్ట్రపు పత్రం అక్కడ చెల్లదు. మైనారిటీల పరిశోధకులకు 2009 నుండి నడచిన మౌలానా ఆజాద్ ఫెలోషిప్‌ను 2022 డిసెంబరులో నిలిపివేసినారు. ఇప్పటికిని దాని కొరకు అడుగుచున్న పిల్లలున్నారు, అందుకే చెప్పుచున్నాము.

విదేశపు ఫెలోషిప్పులలో ఫుల్‌బ్రైట్-నెహ్రూ మాస్టర్స్‌కు కనీసం మూడేండ్ల ఉద్యోగానుభవం కావలెను. మూడేండ్ల డిగ్రీ ఒక్కటే చాలదు, దానిపై పి.జి. ఉండవలెను. బ్రిటన్ వారి చెవెనింగ్‌కు రెండేండ్ల అనుభవం చాలును. సాధారణముగా ఆగస్టులో తెరచి అక్టోబరులో మూస్తారు, చదువు మరుసటి సెప్టెంబరులో. డిగ్రీ అయిన మరునాడే ఇవి రావని నిరాశపడవద్దు. ఊరి బడిలో, ఆసుపత్రిలో, స్వచ్ఛంద సంస్థలో చేసిన పని కూడా లెక్కకు వస్తుంది, జీతపు కాగితం ఉంటే. జర్మనీలో ప్రభుత్వ విశ్వవిద్యాలయాలలో అనేకచోట్ల ఫీజు లేదు. దానిని చూచి ఉచితమనుకొంటున్నారు. బ్రతుకు ఖర్చుకు ఒక సంవత్సరపు సొమ్ము ముందుగా బ్యాంకులో చూపవలెను – 2024 సెప్టెంబరు నుండి 11,904 యూరోలు, మన లెక్కలో పది లక్షలకు పైమాటే. డి.ఎ.ఎ.డి. వారి వేతనం గాని, ఐరోపా వారి ఎరాస్మస్ ముండస్ గాని దొరికితే ఆ చింత లేదు.

ఈ నిజమైన ఫెలోషిప్పులు ఎంపిక చేయుటకు రుసుము అడుగవు. "మీరు ఎంపికైనారు, ప్రాసెసింగుకు 25,000 పంపండి" అని ఫోను వస్తే పెట్టివేయండి. అప్పును దానముగా పొరబడవద్దు. 1892లో జంషెడ్జీ టాటా పెట్టిన జె.ఎన్. టాటా ఎండోమెంట్ ఎంతో గౌరవనీయమైనది, కాని అది ఇచ్చేది ఋణ వేతనం, తిరిగి కట్టవలెను. పాలమూరు వారికి ఇది విడమరచి చెప్పనక్కర లేదు. దేశంలో ఎన్ని ఆనకట్టలకు, ఎన్ని కాలువలకు మనవారు మట్టి మోసినారో! గుంపు మేస్త్రీ ముందుగా చేతిలో పెట్టిన అడ్వాన్సు ఎన్ని నెలల చెమటతో తీరేదో మన అమ్మలకు తెలియును. ఏ కాగితంపై సంతకం పెట్టినా ఆ అడ్వాన్సు జ్ఞాపకం పెట్టుకొని చదవండి: తిరిగి ఇవ్వవలెనా, తిరిగి రావలెనా, మధ్యలో మానితే ఏమగును?

తోటి కాపరులకు ఒక మనవి. పిల్లలు సిఫారసు ఉత్తరానికి వస్తే మనమందరం ఒకే ఉత్తరం వ్రాస్తాము – ఇతడు మంచి నడవడి గలవాడు, క్రమముగా ఆరాధనకు వచ్చువాడు. ఎంపిక సంఘం దానితో ఏమి చేసుకొంటుంది? అతడు ఏమి చేసినాడో వ్రాయండి. కరోనా కాలంలో 2020లో బడులు మూసినప్పుడు చెట్టు క్రింద పిల్లలకు లెక్కలు చెప్పినాడా, తండ్రి పోయిన తరువాత చెల్లెళ్ళను చదివించినాడా, ఊరి ఫ్లోరైడు నీళ్ళ కొరకు అర్జీలు వ్రాసినాడా. అటువంటివి మనకు తప్ప ప్రొఫెసరుకు తెలియవు. ఉత్తరానికి రెండు దినములు పట్టినా పట్టనివ్వండి.

సంఘములకు ఇంకొక మనవి. 1918లో హైదరాబాదులో రెడ్డి హాస్టలు వెలసినది. దానిని నిలబెట్టిన రాజా బహదూర్ వెంకటరామారెడ్డి వనపర్తి ప్రాంతంలో పుట్టినవాడే. వారికి జమీందారులున్నారు, మనకు లేరు అంటారేమో. మనకు పిడికెడు బియ్యం ఉన్నది. పొయ్యి మీద ఎసరు పెట్టేటప్పుడు ఒక పిడికెడు ప్రక్కన పెట్టి మన నానమ్మలు గుడులు కట్టినారు. రెండువందల కుటుంబాలున్న పాస్టరేటులో ఇంటికి నెలకు 20 రూపాయలు వేసుకొంటే సంవత్సరానికి 48,000 అవుతుంది. ఒక్క పాస్టరేటు 20 లక్షలు ఇవ్వలేదు, ఇవ్వనక్కర లేదు. పాస్‌పోర్టుకు, పరీక్షకు, దరఖాస్తుకు కావలసిన మొదటి సొమ్ము ఇవ్వగలదు. వేతనం వచ్చినవారు దానిని తిరిగి పెట్టెలో వేస్తే మరుసటి ఏట ఇంకొకరికి పనికివస్తుంది. రానివారిని అడుగవద్దు. ఆడపిల్లల దరఖాస్తులు ముందుగా చూడవలెనని కూడా మా కోరిక. ఇంట్లో మొదటి సొమ్ము ఎప్పుడును కొడుకుకే వెళ్ళుచున్నది.

ఈ సంవత్సరం డిగ్రీ చివరి ఏట ఉన్నవారి పేర్లు ప్రతి పాస్టరేటు నుండి వ్రాసియిచ్చినట్లయితే, వారి తేదీలు, కాగితాలు చూచే పని మేము కొందరము పంచుకొనుటకు సిద్ధముగా ఉన్నాము. మధ్యాహ్న భోజనం తరువాత పుస్తకాల బల్ల ప్రక్కన కూర్చుందుము. మెమోలు, ఆధార్ నకళ్ళు తెచ్చుకొన్నవారు ముందు రండి; తండ్రి పేరు రెండు రకాలుగా ఉన్నవారు తండ్రిని కూడా వెంట తీసుకొని రండి.