కానుక ఇవ్వదగిన కత్తి

(మన సంఘం వార్షికోత్సవ సభలో టూల్‌రూమ్ విభాగానికి చెందిన సభ్యుడొకరు చేసిన ప్రసంగ పాఠం)



కార్యదర్శిగారు నాకు పదిహేను నిమిషాలు ఇచ్చారు. డి.ఏ. గురించీ, లైఫ్ సర్టిఫికెట్ గురించీ నాకంటే బాగా తెలిసినవారు ఇదివరకే మాట్లాడారు. నేను కానుకల గురించి, అందులోనూ ఒకే ఒక్క కానుక గురించి నాలుగు మాటలు చెబుతాను.

మనవాళ్లెవరైనా రిటైరైతే శాలువా కప్పుతాం. ఎనభై నిండితే మళ్లీ శాలువా కప్పుతాం. మా బీరువాలో ఇప్పటికి పదకొండు శాలువాలున్నాయి. వాటిని సర్దినప్పుడల్లా మా ఆవిడ "మన ఊళ్లో చలి ఎన్ని రోజులుంటుందండీ?" అని అడుగుతుంది. (నవ్వులు) శాలువా మర్యాదే, కాదనను. కాని ప్రత్యేకంగా ఒక మనిషికని కానుక కొనేటప్పుడు ఆ మనిషి చేతులు మన కళ్ల ముందుండాలి. ఈ సంగతి నేను తప్పు చేసి నేర్చుకున్నాను.

1996లో మా టూల్‌రూమ్ ఫోర్మన్‌గారు రిటైరయ్యారు. మాకు పని నేర్పినవాడాయన. సేఫ్టీ రేజర్ ఇంటింటికీ వచ్చిన తర్వాత కూడా ఆయన రోజూ మంగలికత్తితో తన గడ్డం తానే గీసుకునేవారు. అది వాళ్ల నాన్నగారి కత్తి. నూరి నూరి వెడల్పు సగమైపోయింది. ఆయనకు మంచి కత్తి కొనిద్దామని తలా కొంత వేసుకున్నాం. కొనే బాధ్యత నా మీద పెట్టారు. నేను నగరంలో ఒక పెద్ద దుకాణానికి వెళ్లాను. మఖమల్ పెట్టెలో ఒక కత్తి కనిపించింది. నల్లగా మెరిసే పిడి, బ్లేడు మీద బంగారు పూత పువ్వులు. బేరం కూడా ఆడకుండా కొన్నాను. వీడ్కోలు సభలో అందరూ చప్పట్లు కొట్టారు.

ఆరు నెలల తర్వాత పొద్దున్నే పనిమీద వాళ్లింటికి వెళ్లాను. పెరట్లో అద్దం ముందు కూర్చుని పాత కత్తితోనే గీసుకుంటున్నారు. "సార్, మేమిచ్చిన కత్తి బాగోలేదా?" అన్నాను. ఆయన లోపలికి వెళ్లి ఆ పెట్టె తెచ్చి నా చేతిలో పెట్టారు. "మూడు రోజులు రాయి మీద పెట్టానోయ్. వాదర నిలవడం లేదు. ఉక్కు మెత్తన. నువ్వు టూల్‌రూమ్ మనిషివి గదా, లేత్‌కి టూల్ బిట్ కూడా ఇలాగే పిడి చూసి కొంటావా?" అన్నారు. కోపంగా అనలేదు. నవ్వుతూనే అన్నారు. అందుకే ఆ మాట ఇవాళ్టికీ మరవలేకపోతున్నాను. "దీన్ని నువ్వే ఉంచుకో" అని పెట్టె నాకే ఇచ్చేశారు.

అప్పటినుంచి ఈ కత్తి సంగతి తెలుసుకోవడం మొదలుపెట్టాను. కత్తి కానుకగా ఇస్తే స్నేహం తెగుతుందని కొందరి భయం. ఐరోపా దేశాల్లోనూ ఈ నమ్మకం ఉంది. పుచ్చుకున్నవారు ఒక చిన్న నాణెం తిరిగి ఇస్తే దోషం పోతుందని వాళ్లు సరిపెట్టుకుంటారు. నా మట్టుకు నాకు, మైకేల్ ఫారడే తన స్నేహితులకు క్షౌరకత్తులు కానుకగా ఇచ్చేవాడని తెలిశాక ఆ సంకోచం పోయింది.

ఫారడే అంటే మన మోటార్లకూ, జనరేటర్లకూ మూలపురుషుడు. కమ్మరి కొడుకు. విద్యుత్తు మీద ఆయన పెద్ద పరిశోధనలు రావడానికి ముందు, లండన్‌లో జేమ్స్ స్టోడార్ట్ అనే కత్తుల తయారీదారుతో కలిసి ఉక్కు మీద ప్రయోగాలు చేశాడు. 1819లో ఆయన పరీక్షించి ఫలితాలు ప్రకటించినది మన దేశపు ఉక్కు గురించి! దాన్ని వాళ్లు 'వూట్జ్' అనేవారు. తెలుగు, కన్నడ భాషల్లోని 'ఉక్కు' అనే మాటే నోరు తిరగక అలా అయిందని చాలామంది పండితుల అభిప్రాయం. మన నిజామాబాద్ జిల్లా కోనసముద్రంలో మట్టి మూసల్లో ఇనుము కరిగించి ఆ ఉక్కు ముద్దలు తీసేవారు. వాటిని కొనడానికి పర్షియా నుంచి వర్తకులు వచ్చేవారు. ఫారడే, స్టోడార్ట్ ఉక్కులో వెండి, ప్లాటినం, రోడియం వంటి లోహాలు కలిపి చూసి, 1820లోనూ 1822లోనూ వివరాలు ప్రచురించారు. అలా తయారైన ఉక్కుతో చేయించిన కత్తులే ఫారడే స్నేహితులకు ఇచ్చినవి. అంటే ఆ కానుకలో విలువ ఉక్కుది.

ఈ కత్తులకు పేరుపడ్డ ఊళ్లు కొన్ని ఉన్నాయి. ఇంగ్లండులో షెఫీల్డ్. అక్కడ 1740 ప్రాంతాల్లో బెంజమిన్ హంట్స్‌మన్ అనే గడియారాల పనివాడు, స్ప్రింగులకు మంచి ఉక్కు దొరక్క, తానే మూసలో ఉక్కు కరిగించే పద్ధతి కనిపెట్టాడు. ఆ ఉక్కుతో షెఫీల్డ్ కత్తులకు ప్రపంచమంతా పేరు వచ్చింది. జర్మనీలో జోలింగెన్. ఆ ఊరి పేరు దొంగ సరుకు మీద వేయకుండా 1938లోనే చట్టం చేశారు. ముఖ్యమైన తయారీ పనులన్నీ ఆ ప్రాంతంలో జరిగితేనే ఆ పేరు ముద్ర వేయాలి. ఫ్రాన్సులో తియేర్ అనే ఊరు ఉంది. జోలింగెన్‌లోనూ తియేర్‌లోనూ ఈ కత్తులు ఇప్పటికీ తయారవుతున్నాయి.

మరి వాడకం ఎందుకు తగ్గిందంటే, 1903లో అమెరికాలో జిలెట్ కంపెనీ పారేసే బ్లేడు రేజర్లు అమ్మకానికి పెట్టింది. మొదటి ఏడాది అమ్ముడైనవి 51 మాత్రమే. మొదటి ప్రపంచయుద్ధంలో అమెరికా సైనికులకు ఆ రేజర్లు సరఫరా అయ్యాక పాత కత్తికి రోజులు చెల్లాయి. ఇక మన క్షౌరశాలల్లో, ఎయిడ్స్ భయం వచ్చాక, మనిషికో కొత్త బ్లేడు మార్చే కత్తి వాడుతున్నారు. అది సరైన పని. అందువల్ల ఇప్పుడు అసలైన మంగలికత్తి ఒకే మనిషి సొంతంగా వాడుకునే వస్తువు. తండ్రీకొడుకులైనా ఒకేసారి ఇద్దరూ ఒకే కత్తి వాడకూడదు.

ఇక ఎంపిక. ఈనాడు మనవడికో, అల్లుడికో, తమ్ముడికో ఈ కత్తి ఇవ్వాలనుకునేవారు ఏమి చూడాలో చెబుతాను.

మొదటిది ఉక్కు. మన రైలు పట్టాలో కార్బన్ 0.6 నుంచి 0.8 శాతం దాకా ఉంటుందని మీకు తెలుసు. మంచి క్షౌరకత్తిలో 1 శాతం దగ్గర ఉంటుంది. నీరు పోసి గట్టిపరిచాక రాక్‌వెల్ సి స్కేలు మీద 60 ప్రాంతంలో గట్టిదనం రావాలి. కార్బన్ స్టీలు త్వరగా పదునెక్కుతుంది, కాని తడి ఉంటే తుప్పు పడుతుంది. స్టెయిన్‌లెస్ తుప్పుకు ఆగుతుంది, నూరడానికి ఓపిక కావాలి. సముద్రం ఒడ్డున ఉండేవారికి స్టెయిన్‌లెస్ మేలు. ఏ ఉక్కో, ఎక్కడ తయారైందో చెప్పలేని సరుకు వద్దు.

రెండోది కొలత. వెడల్పును అంగుళంలో ఎనిమిదో వంతుల్లో చెబుతారు. కొత్తవారికి 5/8 గాని 6/8 గాని సరిపోతుంది. కొస గుండ్రంగా ఉండాలి. చతురస్రపు కొస చూడ్డానికి బాగుంటుంది, చెవి దగ్గర గుచ్చుకుంటుంది.

మూడోది అరగదీత. బ్లేడు రెండు పక్కలా గుంటగా అరగదీస్తారు. బాగా గుంట తీసినది పలచన, తేలిక; గీస్తుంటే సన్నగా చప్పుడు చేస్తుంది. గుంట తీయనిది బరువు. ముదురు గడ్డానికి పనికొస్తుంది, నూరడం కష్టం. సగం గాని, పూర్తిగా గాని గుంట తీసినది కొత్తవారికి మంచిది.

నాలుగోది సూటిదనం. మడిస్తే బ్లేడు పిడి పలకల మధ్య సరిగ్గా నడిమిన దిగాలి, ఏ పక్కకూ రాసుకోకూడదు. సమంగా ఉన్న గాజుపలక మీద మెల్లగా ఆనిస్తే వెన్ను, వాదర రెండూ పొడవునా తగలాలి. ఊగిందంటే వంకర ఉన్నట్టు. నూరేటప్పుడు వెన్నూ వాదరా రెండూ రాయికి ఆనించే నూరతాం. అంటే వెన్ను మందమే పదును కోణాన్ని నిర్ణయిస్తుంది. వెన్ను వంకరైతే పదును ఎన్నటికీ సమంగా రాదు.

ఐదోది, నేను చేసిన తప్పు మీరు చేయకుండా ఉండటానికి చెబుతున్నది. ఫ్యాక్టరీ నుంచి వచ్చిన కత్తి చాలాసార్లు వెంటనే గీసుకోవడానికి పనికిరాదు. చేత్తో నూరి ఇచ్చారా అని అమ్మేవారిని అడగండి. కత్తితోపాటు తోలుపట్టా తప్పకుండా కొనండి. గీసుకునే ముందు ప్రతిసారీ గుడ్డపట్టా మీద ఒక ఇరవై సార్లు, తోలు మీద నలభై యాభై సార్లు, వెన్ను ముందుకు పోయేట్టు లాగాలి. తిప్పేటప్పుడు వెన్ను మీదే దొర్లించాలి. లేకపోతే తోలూ తెగుతుంది, వాదరా పోతుంది. ఇలా చూసుకుంటే నెలల తరబడి రాయి అవసరం రాదు. పట్టా లేకుండా కత్తి ఇవ్వడం కళ్లెం లేకుండా గుర్రాన్ని ఇచ్చినట్టే.

పాత కత్తి కొనాలనుకునేవారు వాదరలో నొక్కులు, పగుళ్లు, తుప్పు గుంటలు చూసుకోండి. వెన్ను ఒక పక్క ఎక్కువ అరిగి ఉంటే వదిలేయండి. ఏనుగుదంతం పిడి జోలికి పోవద్దు, ఆ వ్యాపారం చట్టవిరుద్ధం. పిల్లలు విదేశాల నుంచి తెస్తుంటే చేతిసంచిలో పెట్టుకోవద్దని చెప్పండి. చెక్-ఇన్ సామానులోనే వేయాలి, లేకపోతే విమానాశ్రయంలో తీసేసుకుంటారు.

చివరిదీ ముఖ్యమైనదీ ఒకటుంది. ఎవరికి ఇస్తున్నాం? చేయి వణికేవారికి, రక్తం పలచబడే మాత్రలు వేసుకునేవారికి, చూపు మందగించినవారికి ఇది ఇవ్వకూడదు. షుగరున్నవారు డాక్టరును అడగాలి. చిన్నపిల్లలున్న ఇంట్లో తాళం వేసే సొరుగు ఉండాలి. రోజూ పదిహేను నిమిషాలు నిదానంగా కూర్చునే ఓపిక ఉన్నవాడికే ఇది కానుక. మిగిలినవారికి భారం.

ఈ మాట ఎందుకు గట్టిగా చెబుతున్నానంటే, 2011లో జర్మనీలో ఉద్యోగం చేసే మా అల్లుడు సెలవుకు వస్తూ, నేను రాసిచ్చిన కొలతల ప్రకారం జోలింగెన్ కత్తి, పట్టా తెచ్చాడు. పదిహేనేళ్ల బాకీ తీర్చుకుందామని ఫోర్మన్‌గారింటికి వెళ్లాను. ఆయనకు డెబ్భై మూడేళ్లు. అంతకుముందు సంవత్సరమే గుండె ఆపరేషన్ అయింది. పెట్టె తెరిచి, కత్తి విప్పి, కిటికీ వెలుతురుకు ఎత్తి వాదర వెంట చూశారు. కత్తి సన్నగా వణుకుతోంది. అప్పుడు గమనించాను, వణుకుతున్నది ఆయన చేయి.

"ఇదీ కత్తి అంటే. కాస్త ఆలస్యంగా తెచ్చావోయ్" అన్నారు. నాకు నోట మాట రాలేదు. నేను ఉక్కు చూశాను, కొలత చూశాను, వెన్ను మందం కూడా అడిగాను. మనిషి వయసు లెక్క వేయలేదు. మళ్లీ తప్పే చేశాను.

ఆయన మాత్రం మనవణ్ణి పిలిచారు. ఆ అబ్బాయికి అప్పుడే ఉద్యోగం వచ్చింది. "ఇది నీకు. ముందు నెల రోజులు పట్టా మీద లాగడమే. గడ్డం మీద పెట్టావంటే చూడు" అన్నారు. తర్వాత వెళ్లినప్పుడల్లా చూశాను. కిటికీ ఊచకు పట్టా కట్టి అబ్బాయి లాగుతుంటే, ఈయన పడక్కుర్చీలో కూర్చుని కళ్లు మూసుకుని ఆ చప్పుడు వింటూ "వెన్ను లేస్తోంది" అని దిద్దేవారు. చేత్తో పట్టుకోలేని కత్తిని చెవితో వాడుకున్నారాయన. 2017లో పోయారు. ఆ అబ్బాయి ఇప్పటికీ ఆ కత్తితోనే గీసుకుంటున్నాడు.

మిత్రులారా, కమిటీవారికి ఒక్క మనవి. ఎవరినైనా సన్మానించే ముందు వాళ్లింటికి ఒకరు వెళ్లి, వాళ్లు రోజూ ఏం చేస్తున్నారో, ఏం చేయగలుగుతున్నారో కనుక్కోండి. తర్వాతే కొనండి. ఇవ్వాలనుకున్నది చేతులు బాగున్నప్పుడే ఇవ్వండి.

ఆ మఖమల్ పెట్టె నా దగ్గరే ఉంది. బంగారు పూత ఇంకా చెక్కుచెదరలేదు. ఎవరికైనా కానుక కొనడానికి బయలుదేరే ముందు ఒకసారి తెరిచి చూసుకుని వెళుతుంటాను.